సందు ఒకరిది, నడక ఒకరిది

మాకు వచ్చే శ్రోతల లేఖలలో ఇంటి సందుల తగవులు తరచుగా కనబడుతూ ఉంటాయి. "ఈ సందు మాది" అని ఒకరు, "మా తాతగారి నాటినుండి దీనిలో నడుస్తున్నాము" అని మరొకరు. ఇద్దరి మాటా నిజం కావచ్చును. నేల ఒకరిదై, దానిమీద నడిచే హక్కు వేరొకరిదై ఉండడం న్యాయశాస్త్రానికి సమ్మతమే.

ఒక ఉదాహరణ చూద్దాము. అన్నదమ్ములు పెద్దలిచ్చిన ఇల్లు పంచుకొన్నారు. వీధివైపు భాగం అన్నకు, పెరటివైపు భాగం తమ్మునికి. తమ్ముడు వీధిలోకి రావాలంటే అన్నగారి గోడ పక్కనున్న సందే దిక్కు. పంపకాల కాగితంలో గదులు, బావి, కొబ్బరిచెట్లు అన్నీ ఎక్కినవి. సందు మాట మాత్రం ఎవరికీ వ్రాయవలసినదిగా తోచలేదు. కొన్నాళ్లకు అన్నగారి కుమారులు తమ భాగం అమ్ముకొని పట్నం వెళ్లిపోయారు. కొన్నవారు దస్తావేజు చూచుకొని సందుకు తలుపు పెట్టి తాళం వేశారు. వెనుక ఇంటిలో మంచం పట్టిన ముసలితల్లి ఉన్నది. ఆమెను ఆసుపత్రికి ఎటునుండి తీసుకొనిపోవాలి?

ఇట్టి చిక్కులకు 1882వ సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టం ఆధారం. అది మొట్టమొదట అమలైన ప్రాంతాలలో మదరాసు రాజధాని ఒకటి గనుక, కోస్తా, రాయలసీమ జిల్లాలకు పాత చుట్టమే. పంపకంవల్ల ఒక భాగానికి వేరే దారి లేకుండా పోతే, రెండవ భాగంలోనుండి నడిచే హక్కు దానంతటదే ఏర్పడుతుందని 13వ సెక్షను చెబుతున్నది. కాగితంలో లేకపోయినా సరే. ఐతే వేరొక దారి ఏర్పడి అవసరం తీరిన నాడు ఆ హక్కు కూడా పోతుంది.

రెండవ మార్గం 15వ సెక్షను. శాంతంగా, బాహాటంగా, ఆటంకం లేకుండా, హక్కుదారు వలె 20 ఏండ్లు నడిచిన దారి హక్కుగా స్థిరపడుతుంది. "అయ్యా, మీ దొడ్డిలోనుండి వెళ్లనిస్తారా?" అని అడిగి, ఆ అనుమతిమీదనే నడిచేవానికి ఎన్నేండ్లైనా ఈ హక్కు రాదు. అడగకుండా నడిచినవానికి రావచ్చును. మర్యాదస్తునికి నష్టం, మొండివానికి లాభం కదా అని మీకు తోచవచ్చు. మాకూ మొదట అట్లే తోచింది. తన కళ్లయెదుట అన్నేండ్లు నడుస్తూంటే నేలగలవాడు కాదనలేదంటే దానికేదో పాత ఆధారం ఉండి ఉంటుందనే భావన ఈ నియమానికి మూలం.

దీనివల్ల ఒక అనర్థం కూడా కలదు. 18 ఏండ్లు నోరు మెదపని మంచి మనిషికి ఎవరో ప్లీడరుగారు ఈ సంగతి చెబుతారు. మరునాడే కంచె లేస్తుంది. పొరుగువారు నిర్ఘాంతపోతారు. "నా అనుమతిపై నడుస్తున్నారు" అని రెండు వాక్యాల కాగితంమీద ఇద్దరూ సంతకాలు చేసి ఉంచుకొంటే ఆ భయం ఉండదు, కంచె అవసరమూ ఉండదు. శాశ్వత హక్కే కావలసినవారు వెల ఇచ్చి, దస్తావేజు వ్రాయించుకొని రిజిస్టరు చేయించుకోవడం క్షేమం.

కారు కొన్నవారు 28వ సెక్షను కూడ తెలుసుకోవాలి. ఒక రకపు దారి హక్కులో మరొక రకపు దారి చేరదు. నడక హక్కున్న సందులో మోటారు నడపడానికి ఆ హక్కు చాలదు.

ఇక హద్దులు. పొలాలకు సర్వే రాళ్లు, కొలతల పుస్తకం ఉన్నవి. సర్వేయరు కొలిచి చూపగలడు. గ్రామకంఠంలోని ఇండ్లకు తరచుగా అట్టి విడి కొలతలు లేవు. అక్కడ దస్తావేజులోని నాలుగు దిక్కుల హద్దులే ముఖ్యం. కొలతకూ హద్దుకూ పొంతన కుదరనప్పుడు సామాన్యంగా కోర్టులు హద్దుకే విలువనిస్తాయి. కావున "ఉత్తరం: ఫలానావారి గోడ" అని వ్రాసేటప్పుడు ఆ గోడ వారిదేనా, ఉమ్మడిదా అన్నది కూడ వ్రాయించాలి.

తాళం వేసిన తలుపును పగులగొట్టడం మాత్రం కూడదు. హక్కున్నవాడు సైతం అడ్డును తానే తొలగించరాదని 36వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. అట్లని ఊరుకోరాదు; అడ్డు పెట్టిన సంగతి తెలిసికూడ ఏడాదిపాటు సహించి ఊరుకొంటే, 20 ఏండ్ల లెక్క తెగిపోతుంది. సివిలు కోర్టుకు పోవచ్చును, లేదా 1987 నాటి చట్టం క్రింద నడిచే లోక్ అదాలతులో రాజీ పడవచ్చును. ఆ రాజీ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. సందు వెడల్పు ఎంత, తలుపు తాళంచెవులు ఎవరెవరి వద్ద ఉండాలి అన్న సంగతులు కూడ ఆ కాగితంలోనే వ్రాయించుకోవచ్చును.