డ్రమ్ములో దాచిన సముద్రం ఎండకి ఏమవుతుంది?

మాది కవిటి. సముద్రం పక్కనే. అయినా నా అక్వేరియానికి ఉప్పునీళ్లు ఇంట్లోనే కలుపుకుంటాను. ఈ మాట వింటే ఊళ్లో నవ్వని వాళ్లు లేరు!

ఒడ్డు నీళ్లు తెచ్చుకోవచ్చు కదా అంటారు. వానాకాలం వెళ్లాక గంగ, మహానది లాంటి నదుల మంచినీళ్లు బంగాళాఖాతంలో కలిసి తీరం వెంబడి దక్షిణానికి వస్తాయి. దాంతో మన దగ్గర సముద్రంలో ఉప్పు తగ్గుతుంది. పక్కన బారువలో మహేంద్రతనయ కూడా కలుస్తుంది. రొయ్య పిల్లల హేచరీలు సముద్రపు నీళ్లే వాడతాయి గానీ, వడకట్టి, క్లోరిన్ వేసి, దాన్ని పోగొట్టాకే. అదంతా వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే గదిలో అయ్యే పని కాదు.

అందుకే ఆర్ఓ నీళ్లలో మెరైన్ సాల్ట్ కలుపుతాను. వెయ్యి గ్రాముల నీళ్లలో 35 గ్రాముల లవణాలు, అంటే 35 పీపీటీ ఉండాలి. నా ట్యాంకు 100 లీటర్లు, అందులో రెండు క్లౌన్ ఫిష్‌లు. పగడాలు లేవు. రాతి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఎవరైనా అమ్ముతానన్నా కొనకండి.

మొన్న మే నెలలో బద్ధకించి ఒకేసారి 50 లీటర్లు కలిపేశాను. రేకుల షెడ్డులో డ్రమ్ము, మూత లేదు, పంపు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. వారం తర్వాత అందులోంచి 20 లీటర్లు తీసి ట్యాంకులో పోశాను. కాసేపటికి అమ్మ కేకేసింది: "ఒరే, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేటిరా?"

అప్పుడు థర్మామీటరు పెట్టి చూస్తే డ్రమ్ములో 36 డిగ్రీలు. ట్యాంకు 26 నుంచి నిమిషాల్లో 28కి ఎక్కేసింది. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీళ్లలో అసలే మంచినీళ్ల కంటే తక్కువ. వెంటనే ఎయిర్ పంపు పెట్టి, ఐసు చేసిన నీళ్ల బాటిల్ మూత బిగించి ట్యాంకులో తేలేశాను. సాయంత్రానికి రెండూ మామూలుగా ఈదాయి. నా గుండె మాత్రం రాత్రి దాకా కుదుటపడలేదు.

తర్వాత బగ్ వెతికినట్టు ఒక్కొక్కటీ చూశాను. డ్రమ్ములో 3 లీటర్లు ఆవిరైపోయాయి. నీళ్లు పోతాయి గానీ ఉప్పు పోదు కదా, మిగిలిన 47 లీటర్లు 37 పీపీటీ దాటేశాయి. పంపు మీద తెల్లటి పెచ్చు కట్టింది. అది కాల్షియం కార్బొనేట్. పంచదార వేడినీళ్లలో బాగా కరుగుతుంది, ఇది మాత్రం రివర్స్: వేడెక్కితే విడిపోయి గట్టిపడుతుంది. కాల్షియం, కేహెచ్ రెండూ పడిపోతాయి. ఆగకుండా తిప్పే పంపు దానికి ఇంకా సాయం చేస్తుంది.

కంగారులో మిగిలిన 27 లీటర్లు పారబోసేశాను. అసలు తప్పు అదే. చల్లారబెట్టి, ఆవిరైనంత ఆర్ఓ నీళ్లు పోసుంటే చేపలకి పనికొచ్చేవే. "ఈ నీళ్ల కోసం ఊరంతా కేన్లు మోస్తన్నారు, నువ్వు ఒలకబోస్తన్నావేటిరా?" అంది అమ్మ. ఏం చెప్పను? ఉద్దానంలో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఉంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం, పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయినా నీళ్ల భయం అంత తొందరగా పోదు. పైగా మా మెషీన్ ఒక లీటరు మంచివి ఇస్తే రెండు లీటర్లు బయటికి వదిలేస్తుంది.

ఇప్పుడు కలిపిన నీళ్లు దాచడం మానేశాను. ఆర్ఓ నీళ్లు మూతపెట్టి ఇంట్లో నీడన ఉంచుతాను. ఉప్పు గాలి చొరని డబ్బాలో ఉంటుంది, లేదంటే మన తీరం తేమకి రాయి అయిపోతుంది. శనివారం రాత్రి కావాల్సినంతే కలిపి, ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందే మారుస్తాను.

మీకు దాచక తప్పకపోతే ఫుడ్ గ్రేడ్ డ్రమ్ము వాడండి, మూత బిగించండి, నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. గీత దిగితే ఆర్ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. పోసేముందు ఉప్పు, వేడి రెండూ కొలవండి. తడి గోనె కప్పితే కొంచెం చల్లబడుతుంది గానీ, మన ఉక్కపోతలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మెషీన్ వదిలేసే నీళ్లు ఇప్పుడు పెరట్లో కొబ్బరిచెట్లకి వెళ్తున్నాయి. ట్యాంకు నీళ్లతో మాత్రం అమ్మ నన్ను చెట్ల దగ్గరికి కూడా రానివ్వదు.