డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ మాత్రం లేదు.. ఫ్లాష్ సేల్ వెనక అసలు ఏం జరుగుతోంది?

మధ్యాహ్నం 12కి ఫ్లాష్ సేల్. 11:58 నుంచే యాప్ ఓపెన్ చేసి కూర్చుంటాం. ‘బై నౌ’ నొక్కాం, యూపీఐ పిన్ కొట్టాం, డబ్బులు కట్ అయినట్టు బ్యాంక్ మెసేజ్ కూడా వచ్చేసింది. యాప్‌లో చూస్తే ఆర్డర్ లేదు! సర్వర్ స్లో అని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు స్పీడ్‌లో ఉండదు. డేటాని ఎక్కడ, ఎలా రాశారన్న దాంట్లో ఉంటుంది.

ఒకప్పుడు షాపింగ్ సైట్ అంటే ఒక పెద్ద ప్రోగ్రామ్, దాని వెనక ఒకటే డేటాబేస్. స్టాక్ తగ్గించడం, ఆర్డర్ రాయడం ఒకే ట్రాన్సాక్షన్‌లో అయిపోయేవి. జరిగితే రెండూ జరుగుతాయి, లేదంటే ఏదీ జరగదు. కాకపోతే ఆ ఒక్క డేటాబేస్ పడిపోతే అంతా ఆగిపోతుంది. 2008 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌కి ఇదే అయింది. డేటాబేస్ పాడై మూడు రోజులు కస్టమర్లకి డీవీడీలు పంపలేకపోయారు (అవును, అప్పట్లో వాళ్లు పోస్టులో డీవీడీలు పంపేవాళ్లు). ఆ దెబ్బకి క్లౌడ్‌కి మారడం మొదలుపెడితే, పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. ఆ దారిలోనే ప్రోగ్రామ్‌ని వందల చిన్న సర్వీసులుగా విడగొట్టారు.

అది చూసి అందరూ సర్వీసులు విడగొట్టేస్తారు, డేటాబేస్‌ని మాత్రం అలాగే వదిలేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా ప్రాజెక్టులో 11 సర్వీసులు, అన్నిటికీ కలిపి ఒకే పోస్ట్‌గ్రెస్. ఆర్డర్స్ టేబుల్‌లో ఒక కాలమ్ పేరు మార్చాను, అంతే. ఆ రాత్రి రిలీజ్ అవ్వగానే ఇన్వాయిస్ సర్వీస్ పడిపోయింది. ఆ టేబుల్‌ని వాళ్లు నేరుగా చదువుతున్నారని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తెల్లారేదాకా కూర్చుని పాత పేరే పెట్టాను! అందుకే ఒక సర్వీస్ టేబుల్‌ని ఇంకో సర్వీస్ ముట్టుకోకూడదు. డేటా కావాలంటే ఏపీఐ ద్వారా అడగాల్సిందే.

సరే, డేటాబేస్‌లు విడగొట్టాం. మన ఫ్లాష్ సేల్ సమస్య ఇక్కడే పుడుతుంది. పేమెంట్ సర్వీస్ ‘డబ్బులు అందాయి’ అని తన డేటాబేస్‌లో రాసుకుంది. ఆ తర్వాత ఆర్డర్ సర్వీస్‌కి మెసేజ్ పంపాలి. ఈ రెండింటి మధ్య సర్వర్ ఆగిపోతే? డబ్బులు పోయాయి, ఆర్డర్ సర్వీస్‌కి కబురే లేదు.

దీనికి వాడేది అవుట్‌బాక్స్ ప్యాటర్న్. పంపాల్సిన మెసేజ్‌ని కూడా అదే డేటాబేస్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసిపెడతారు. డెబీజియం లాంటి టూల్ డేటాబేస్ లాగ్ చదివి దాన్ని కాఫ్కాకి పంపుతుంది. మధ్యలో సర్వర్ ఆగినా, తిరిగి లేచాక పంపుతుంది. ఒక్కోసారి అదే మెసేజ్ రెండుసార్లు వెళ్లొచ్చు. అందుకే ఆర్డర్ సర్వీస్ పేమెంట్ ఐడీ చూసి, ముందే వచ్చిందైతే వదిలేయాలి. లేదంటే ఒక్క పేమెంట్‌కి రెండు ఫోన్లు! (మనకి ఓకే, కంపెనీకి కాదు.)

మెసేజ్ చేరేసరికి స్టాక్ అయిపోతే? అప్పుడు సాగా. 1987లో హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలం రాసిన పేపర్‌లోది ఈ ఐడియా. ప్రతి స్టెప్‌కీ దాన్ని వెనక్కి తిప్పే ఇంకో స్టెప్ రాసిపెట్టుకోవాలి. పేమెంట్‌కైతే అది రీఫండ్.

కాలేజీ ప్రాజెక్టుకో, నలుగురున్న స్టార్టప్‌కో ఇదంతా దండగ అనే అంటాను నేను. ప్రైమ్ వీడియోలోనే ఒక మానిటరింగ్ టీమ్ విడివిడి భాగాలన్నీ కలిపి ఒకే ప్రోగ్రామ్ చేస్తే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని 2023లో వాళ్లే రాశారు.

ఈసారి సేల్‌లో ‘పేమెంట్ అందింది, ఆర్డర్ కన్ఫర్మ్ అవుతోంది’ అని కనిపిస్తే కంగారుపడి మళ్లీ పే చేయకండి. మెసేజ్ ఇంకా దారిలో ఉందని అర్థం.