అదే కుర్రాళ్లు, సగం పాయింట్లు: మిషిగన్ డిఫెన్స్‌లో 2011లో ఏం మారింది?

2010 సీజన్‌లో మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఒక్కో మ్యాచ్‌కు సగటున 35.2 పాయింట్లు ప్రత్యర్థులకు సమర్పించుకుంది. 2011లో ఆ సగటు 17.4కు పడిపోయింది. ఏడాదిలో సగం. డిఫెన్స్‌లో ఆడినవాళ్లలో చాలామంది పాతవాళ్లే. మారింది కోచ్‌లు, ఆ కోచ్‌లు కుర్రాళ్లను మైదానంలో నిలబెట్టిన తీరు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులు ఏటా తప్పకుండా వాదించుకునే ప్రశ్న ఒకటుంది. మన డిఫెన్స్ స్కీమ్ మన ఆటగాళ్లకు నప్పుతోందా? (స్కీమ్ అంటే మనకు ప్రభుత్వ పథకమో, చిట్‌ఫండో గుర్తొస్తుంది. ఇక్కడ దాని అర్థం, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి బాధ్యత ఏమిటి అని ముందే నిర్ణయించుకున్న పద్ధతి.) జట్టు ఓడిన ప్రతి శనివారం రాత్రీ ఈ ప్రశ్న లేస్తుంది. చాలాసార్లు అది కోపం తీర్చుకునే మాట మాత్రమే. మిషిగన్ విషయంలో మాత్రం దాన్ని నిజంగా పరీక్షించి చూసే అవకాశం అనుకోకుండా దొరికింది. ఆ రెండేళ్లను దగ్గరగా చూస్తే, ఆ ప్రశ్నలో ఒక మనిషిని మరచిపోతున్నామని తెలుస్తుంది. స్కీమ్‌కూ ఆటగాడికీ మధ్య, దాన్ని నేర్పేవాడు ఒకడుంటాడు.

ఏడు సందులు, ఆరుగురు మనుషులు

ఇది మనం ఫుట్‌బాల్ అని పిలుచుకునే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే, విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు. డిఫెన్స్‌లో 11 మంది. ముందు వరుసలో భారీకాయులు, వాళ్ల వెనక లైన్‌బ్యాకర్లు, ఇంకా వెనక వేగంగా పరిగెత్తే కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు.

స్కీమ్ పేర్లన్నీ ఈ వరుసల లెక్కలే. 4-3 అంటే ముందు నలుగురు, వాళ్ల వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు, మిగిలిన నలుగురు వెనక. 3-3-5 అంటే ముందు ముగ్గురే, మధ్యలో ముగ్గురు, వెనక ఐదుగురు. చెప్పుకోవడానికి ఒక్క మనిషి తేడా. ఆ ఒక్క మనిషి దగ్గరే అసలు కథ ఉంది.

దాడి చేసే జట్టు ముందు వరుసలో ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు. వాళ్ల మధ్యా, అటూ ఇటూ చివర్లలోనూ కలిపి ఆరు సందులు. పక్కన టైట్ ఎండ్ అనే మరో ఆటగాడు వచ్చి నిలబడితే ఏడు. బంతి పట్టుకున్నవాడు వీటిలో ఏ సందులోంచైనా దూసుకురావచ్చు. 4-3లో ముందున్న ఏడుగురికీ తలా ఒక సందు పంచితే సరిపోతుంది. 3-3-5లో ముందున్నది ఆరుగురే. ఏడో సందును మూయడానికి వెనక నుంచి ఒక సేఫ్టీ పరిగెత్తుకు రావాలి. ఇది పరుగు ఆటా, పాసా అన్నది అతను రెప్పపాటులో పసిగట్టాలి. పరుగు అనుకుని ముందుకొస్తే, అది పాస్ అయితే అతని తల మీదుగా బంతి పోతుంది. పాస్ అనుకుని ఆగిపోతే సందు ఖాళీ.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. మూలన కాచుకుని రైడర్ మడమ పట్టేవాడి నైపుణ్యం వేరు, కవర్‌లో ఉండి ఎదురెళ్లి కొట్టేవాడి నైపుణ్యం వేరు. ఇద్దరూ మంచి డిఫెండర్లే. స్థానాలు మార్చి నిలబెడితే ఇద్దరూ తేలిపోతారు. గొలుసులో ఒక్క చేయి ముందుగా వదిలినా రైడర్ బయటపడతాడు, అప్పుడు తప్పు ఎవరిదో గ్యాలరీలోంచి చూసేవాళ్లకు అర్థం కాదు.

అరువు తెచ్చుకున్న పద్ధతి

రిచ్ రోడ్రిగెజ్ 2007 చివర్లో వెస్ట్ వర్జీనియా నుంచి మిషిగన్‌కు హెడ్ కోచ్‌గా వచ్చాడు. వెస్ట్ వర్జీనియాలో ఆయన డిఫెన్స్‌ను జెఫ్ కాస్టీల్ అనే కోచ్ 3-3-5 పద్ధతిలో నడిపేవాడు. బాగా నడిచేది. రోడ్రిగెజ్ మిషిగన్‌కు వస్తున్నప్పుడు కాస్టీల్ ఆయన వెంట రాలేదు. పద్ధతి మీద నమ్మకం మాత్రం వచ్చింది.

మిషిగన్‌లో మూడేళ్లలో ఇద్దరు డిఫెన్సివ్ కోఆర్డినేటర్లు మారారు. 2008లో స్కాట్ షేఫర్ ఉన్నాడు. ఆ ఏడాది నవంబర్‌లో పర్డ్యూ యూనివర్సిటీతో మ్యాచ్‌కు ఉన్నట్టుండి 3-3-5లోకి మారారు. 48-42తో ఓడారు. సీజన్ అయ్యాక షేఫర్ వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన గ్రెగ్ రాబిన్సన్ చిన్నవాడేమీ కాదు. డెన్వర్ బ్రాంకోస్ రెండు సూపర్ బౌల్‌లు గెలిచినప్పుడు వాళ్ల డిఫెన్స్‌ను నడిపింది ఆయనే. కానీ ఆయన అనుభవమంతా నలుగురిని ముందు నిలబెట్టే పద్ధతిలో. 2010లో ఆయన చేతికి 3-3-5 ఇచ్చి నడపమన్నారు. కర్ణాటక సంగీతంలో పండిపోయిన గురువుకు హిందుస్థానీ పాఠం అప్పగించినట్టు. స్వరాలు అవే, నడక వేరు.

ఇక కుర్రాళ్ల సంగతి. కార్నర్‌బ్యాక్ డోనవన్ వారెన్ చదువు పూర్తికాకముందే ఎన్ఎఫ్ఎల్ వైపు వెళ్లిపోయాడు. అనుభవజ్ఞుడైన ట్రాయ్ వూల్‌ఫోక్ 2010 సీజన్ మొదలవకముందే చీలమండ గాయంతో ఏడాదంతా దూరమయ్యాడు. వెనక వరుస దాదాపుగా కొత్తవాళ్లతో నిండిపోయింది. క్యామెరన్ గోర్డన్ అనే కుర్రాడు మిషిగన్‌కు వచ్చింది పాస్‌లు అందుకునే రిసీవర్‌గా. 2010లో అతన్ని సేఫ్టీగా దించారు, అదే సీజన్‌లో మళ్లీ లైన్‌బ్యాకర్ స్థానానికి జరిపారు. ఏడో సందు మూయాల్సిన, రెప్పపాటులో నిర్ణయం తీసుకోవాల్సిన చోట ఆ స్థానానికే కొత్తవాడు నిలబడ్డాడు. ముందు వరుసలో ఆడాల్సిన శరీరం ఉన్న క్రెయిగ్ రో అనే రెండో ఏడాది విద్యార్థిని సీజన్‌లో చాలా భాగం లైన్‌బ్యాకర్‌గా వెనక్కి పెట్టారు.

ఫలితం స్కోర్లలోనే కనిపిస్తుంది. ఇల్లినాయ్‌పై మిషిగన్ గెలిచింది, 67-65తో, మూడు ఓవర్‌టైమ్‌ల తర్వాత. విస్కాన్సిన్ రెండో సగంలో దాదాపుగా పాస్ వేయకుండా పరిగెడుతూనే 48-28తో గెలిచింది. వచ్చేది పరుగేనని లక్షమందికి పైగా పట్టే స్టేడియం మొత్తానికి తెలుసు, అయినా ఆపలేకపోయారు. 2011 జనవరి 1న గేటర్ బౌల్‌లో మిసిసిపి స్టేట్ చేతిలో 52-14తో ఓటమి. నాలుగు రోజులకు రోడ్రిగెజ్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకు 25 లక్షల డాలర్లు దక్కాయి. కుర్రాళ్లకు ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ తప్ప జీతమంటూ ఏమీ లేదు.

అంటే 3-3-5 చెడ్డదా? అదే 2010లో వెస్ట్ వర్జీనియాలో కాస్టీల్ ఇదే పద్ధతిని నడిపి, ఒక్కో మ్యాచ్‌కు సగటున 14 కంటే తక్కువ పాయింట్లు ఇచ్చాడు. ఎదుర్కొన్న ప్రత్యర్థులు వేరు, వాళ్ల కాన్ఫరెన్స్ అంత బలమైనదీ కాదు, ఆ తేడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయినా 14కూ 35కూ మధ్య దూరం ప్రత్యర్థుల తేడాతో పూడేది కాదు. పద్ధతి ఒకటే. ఒకచోట దాన్ని ఏళ్ల తరబడి నేర్పినవాడు, దానికోసమే ఎంచుకున్న ఆటగాళ్లు ఉన్నారు. ఇంకోచోట ఆ రెండూ లేవు.

వారానికి 20 గంటలు

ప్రొఫెషనల్ జట్టులో అయితే కోచ్‌కు నచ్చని ఆటగాడిని వదిలేసి కావాల్సినవాడిని కొనుక్కోవచ్చు. 2010 నాటి కాలేజీలో ఆ వీలు లేదు. కొత్త కోచ్ వచ్చేసరికి పాత కోచ్ ఎంచుకున్న కుర్రాళ్లుంటారు. స్కాలర్‌షిప్‌లు 85కు మించకూడదన్నది అప్పటి నిబంధన. వేరే యూనివర్సిటీకి మారే కుర్రాడు సాధారణంగా ఒక ఏడాది ఆటకు దూరంగా కూర్చోవాల్సి వచ్చేది. పైగా సీజన్‌లో సాధనకు వారానికి 20 గంటలే ఇవ్వాలని క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన.

ఈ గంటల దగ్గరే మిషిగన్ ఇంకో దెబ్బ తింది. సాధన సమయం పరిమితి దాటిందని డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక 2009లో రాసింది. విచారణ తర్వాత 2010 నవంబర్‌లో ఎన్‌సీఏఏ ఆ యూనివర్సిటీని మూడేళ్ల ప్రొబేషన్‌లో పెట్టింది. అన్ని గంటలు సాధన చేయించినా డిఫెన్స్ కుదురుకోలేదంటే, లోపం గంటల్లో లేదనుకోవాలి.

2011లో హెడ్ కోచ్‌గా బ్రేడీ హోక్ వచ్చాడు. డిఫెన్స్ కోసం ఎన్ఎఫ్ఎల్ జట్టు బాల్టిమోర్ రేవెన్స్ నుంచి గ్రెగ్ మాటిసన్‌ను తెచ్చుకున్నాడు. మాటిసన్ తనకు బాగా తెలిసిన నలుగురి వరుసకే వెళ్లాడు. క్రెయిగ్ రో ముందు వరుసకు తిరిగొచ్చాడు. మైక్ మార్టిన్, ర్యాన్ వాన్ బెర్గెన్ లాంటి సీనియర్ లైన్‌మెన్‌కు పని స్పష్టంగా పంచారు. సేఫ్టీ జోర్డన్ కొవాక్స్ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి వచ్చినవాడు, గొప్ప వేగం ఉన్నవాడు కాదు. అతనికి ఎంత దూరం కాయాలో తెలిసేలా ఆట కుదించారు. వూల్‌ఫోక్ గాయం మానింది. జట్టు 11 గెలిచి 2 ఓడింది, షుగర్ బౌల్‌లో వర్జీనియా టెక్‌ను ఓవర్‌టైమ్‌లో 23-20తో ఓడించింది. మార్టిన్‌ను 2012 డ్రాఫ్ట్‌లో టెన్నెసీ టైటాన్స్ మూడో రౌండ్‌లో తీసుకుంది. 2010లో అతను పనికిమాలినవాడేం కాదన్నమాట.

మార్పు మొత్తాన్నీ స్కీమ్ ఖాతాలో వేయడం అన్యాయం. 19 ఏళ్ల కుర్రాడు 20లోకి వచ్చేసరికి ఒళ్లూ బుద్ధీ రెండూ గట్టిపడతాయి. గాయపడినవాళ్లు తిరిగొచ్చారు. నా అంచనాలో మాటిసన్ ఒక ఏడాది ముందే వచ్చి ఉంటే 2010 డిఫెన్స్ మామూలుగా ఉండేది, గొప్పగా కాదు. కానీ 67-65 లాంటి స్కోర్లు ఉండేవి కావు.

కుర్రాళ్లు ఎంత ప్రతిభావంతులైనా ఇది జరగొచ్చని 2020లో ఎల్ఎస్‌యూ చూపించింది. లూసియానాకు చెందిన ఆ జట్టు 2019లో 15 మ్యాచ్‌లకు 15 గెలిచి జాతీయ చాంపియన్ అయింది. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేవ్ అరాండా వేరే జట్టుకు హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆయన స్థానంలో వచ్చిన బో పెలీనీ నలుగురి వరుస పెట్టి, ఒక్కో రిసీవర్‌ను ఒక్కో డిఫెండర్ వెంబడించే మ్యాన్ కవరేజ్ ఆడించాడు. కోవిడ్ వల్ల వసంతకాలపు సాధన చాలావరకు పోయింది, పలువురు ఎన్ఎఫ్ఎల్‌కు వెళ్లిపోయారు, మేటి కార్నర్‌బ్యాక్ డెరెక్ స్టింగ్లీ మొదటి మ్యాచ్‌కు అనారోగ్యంతో దూరమయ్యాడు. ఇవన్నీ తెలిసి కూడా, మైక్ లీచ్ శిక్షణలో పాస్‌ల మీదే బతికే మిసిసిపి స్టేట్‌పై మ్యాన్ కవరేజ్‌నే పట్టుకుని వేలాడారు. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ కే.జే. కాస్టెలో 623 గజాల పాస్‌లు వేసి ఆ కాన్ఫరెన్స్ రికార్డు బద్దలుకొట్టాడు. ఎల్ఎస్‌యూ 44-34తో ఓడింది, సీజన్‌ను 5-5తో ముగించింది. పెలీనీ ఉద్యోగం ఒక్క సీజనే.

ఇప్పుడు ప్రశ్నే తిరగబడింది

2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి ఒకసారి జట్టు మారితే ఏడాది కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. 2025 నుంచి యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు. దాంతో కోచ్ తన స్కీమ్‌ను కుర్రాళ్లకు తగ్గట్టు సవరించుకోవడం కంటే, స్కీమ్ తెలిసిన కుర్రాళ్లను వెంట తెచ్చుకోవడం తేలికైపోయింది.

కర్ట్ సిగ్నెట్టి 2023 చివర్లో జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి ఇండియానాకు వెళ్తూ చేసింది అదే. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయంట్ హేన్స్‌ను తీసుకెళ్లాడు. లైన్‌బ్యాకర్ ఏడెన్ ఫిషర్, లైన్‌మన్ మికాయిల్ కమారా, కార్నర్‌బ్యాక్ డి'ఏంజెలో పాండ్స్ సహా డజనుకు పైగా ఆటగాళ్లు వెంట వెళ్లారు. 2023లో 3 గెలిచి 9 ఓడిన ఇండియానా, 2024లో 11 గెలిచి 2 ఓడి తొలిసారి జాతీయ ప్లేఆఫ్‌కు చేరింది. రోడ్రిగెజ్‌కు 2008లో దొరకనివన్నీ, అంటే పద్ధతి, గురువు, శిష్యులు, సిగ్నెట్టికి ఒకే బస్సులో వచ్చినట్టయింది.

ఈ విజయగాథలో కనిపించనివాళ్లు ఇండియానాలో ముందునుంచీ ఉన్న కుర్రాళ్లు. 2010 పద్ధతిలో అయితే కొత్త కోచ్ వాళ్లతోనే ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది. క్రెయిగ్ రో లాగా తప్పు స్థానంలో ఒక ఏడాది పోయినా, తర్వాతి ఏడాది సరైన చోట నిలబడే అవకాశం మిగిలేది. ఇప్పుడు నప్పనివాడికి దారి చూపించడమే పరిష్కారం. వాడు పోర్టల్‌లో పేరు రాసుకుని, తనను అడిగే యూనివర్సిటీ కోసం ఎదురుచూడాలి. దొరికిన చోట చదువు మధ్యలోంచి మొదలుపెట్టాలి, అన్ని క్రెడిట్లూ బదిలీ అవుతాయన్న హామీ లేదు. పిల్లల్ని అమెరికాలో చదివించే మన కుటుంబాలకు కోర్సు మధ్యలో కాలేజీ మారడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

రోడ్రిగెజ్ 2024 డిసెంబర్‌లో మళ్లీ వెస్ట్ వర్జీనియాకే హెడ్ కోచ్‌గా తిరిగొచ్చాడు. ఈసారి పాతవాళ్లు తన పద్ధతికి నప్పుతారా అని ఆగి చూడలేదు. పదుల సంఖ్యలో కొత్త ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. 2025లో ఆ జట్టు 4 మ్యాచ్‌లు గెలిచి 8 ఓడింది.