పాత జీపుకు ఏ టైరు?
రిమ్ముకు ఎక్కినంత మాత్రాన సరిపోయినట్లు కాదు

విడపనకల్లు: నల్లరేగడి చేల నడుమ మట్టిబాటలు, అవి దాటగానే బళ్ళారి వైపు సాగే తారురోడ్డు.. ఈ రెండింటికీ పనికివచ్చే బండిగా ఒకప్పుడు ఈ ప్రాంతంలో జీపుకు సాటి లేదు. అమెరికా విల్లీస్ నమూనాపై 1940ల చివరి నుంచి మహీంద్రా సంస్థ మన దేశంలో రూపొందిస్తూ వచ్చిన ఈ బండ్లలో సీజే 340, ఎంఎం 540 వంటివి నేటికీ పల్లెల్లో అక్కడక్కడా కనిపిస్తాయి. కూలీలను చేలకు చేర్చేవి కొన్ని, యజమానులు మోజుతో రంగులు వేయించి అపురూపంగా చూసుకునేవి మరికొన్ని. ఇంజనుకు వేలకు వేలు వెచ్చించేవారు సైతం టైరు దగ్గరకు వచ్చేసరికి ‘రిమ్ముకు ఎక్కితే చాలు’ననుకోవడం ప్రాణాల మీదకు తెస్తుంది.

ట్రాక్టరు టైరుతో ముప్పు

ఈ జీపులకు తొలినుంచీ ఉన్న కొలత 6.00-16. చిత్రమేమిటంటే అనేక ట్రాక్టర్ల ముందు చక్రాల కొలత కూడా 6.00-16 మాత్రమే. ట్రాక్టర్లు విరివిగా ఉన్న మండలంలో ఆ టైరు సులువుగా దొరుకుతుంది, జీపు రిమ్ముకు చక్కగా ఎక్కుతుంది కూడా. అయినా అది జీపు టైరు కాదు. నిలువు పట్టీలతో ఉండే ఆ టైరును దుక్కి నేలలో బండి పక్కకు జారకుండా తిప్పేందుకు తయారుచేస్తారు. బ్రేకు వేసినప్పుడు రోడ్డును పట్టి ఆపడం దాని పని కాదు. దానిపై ‘ఏ6’ అని ఉంటే గంటకు 30, ‘ఏ8’ అని ఉంటే 40 కిలోమీటర్ల వేగం వరకే అది పనికివస్తుందని అర్థం. పదిమందిని ఎక్కించుకుని 60 కిలోమీటర్ల వేగంతో పోయే జీపు కింద అటువంటి టైరు వేడెక్కి పొరలు విడిపోవచ్చు. అనంతపురం ఎండలో తారురోడ్డు కాగే వేడి దీనికి అదనం. టైరు బండ్లకు, అంటే ఎద్దుల బండ్లకు వేసే టైర్లకూ ఇదే వర్తిస్తుంది. నెమ్మదిగా నడిచే బండికి ఉద్దేశించినవి వేగానికి ఆగవు.

అంకెల్లో ఉన్న గుట్టు

పాత పద్ధతి కొలతలో మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం. రెండూ అంగుళాల్లోనే ఉంటాయి. నడుమ ఉండే గీత అది బయాస్ టైరని, అంటే లోపలి నైలాను పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఏటవాలుగా పరచినదని తెలుపుతుంది. అంబాసిడర్‌కు 5.90-15, ప్రీమియర్ పద్మినికి 5.20-14 కూడా ఈ కోవలోనివే. ఈ టైర్లలో పక్కగోడ ఎత్తు దాదాపు వెడల్పుతో సమానం. కనుక 6.00-16 టైరు మొత్తం ఎత్తు 28 అంగుళాలకు కొంచెం పైన ఉంటుంది.

ఇప్పటి రేడియల్ టైర్ల లెక్క వేరు. బొలెరోకు వేసే 215/75 ఆర్15నే తీసుకుందాం. 215 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు. 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం పక్కగోడ ఎత్తు, అనగా సుమారు 161 మిల్లీమీటర్లు. పైన, కింద కలిపి 322. పదిహేను అంగుళాల రిమ్ము 381 మిల్లీమీటర్లు. మొత్తం 703, అంటే 27.7 అంగుళాలు. ఎత్తులో పాత టైరుకు దగ్గరగానే ఉన్నా రిమ్ము వేరు. పైగా జీపు పాత రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలే. 215 టైరుకు కనీసం ఐదున్నర కావాలి. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు ఎక్కిస్తే నడుమ ఉబ్బి మధ్యలోనే అరుగుతుంది, మలుపుల్లో ఊగుతుంది. కాబట్టి రేడియల్‌కు మారదలచినవారు రిమ్ములనూ మార్చవలసిందే. రివెట్లతో బిగించిన పాత రిమ్ములకు ట్యూబ్‌లెస్ వద్దు, సందుల నుంచి గాలి పోతుంది.

ఈ తికమక మన జీపులకే పరిమితం కాదు. 1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్ వంటి అమెరికా కార్ల యజమానులు ‘ఎఫ్70-14’ వంటి పాత అక్షర సంకేతాలకు నేటి కొలతల్లో సాటి వెతుక్కుంటూ ఇదే లెక్క చేస్తుంటారు.

పెద్ద టైరు మోజు

జీపు ఠీవిగా కనిపించాలని 31 అంగుళాల టైర్లు వేయించేవారున్నారు. అసలు దానికన్నా ఇది దాదాపు తొమ్మిది శాతం పెద్దది. స్పీడోమీటరు 60 చూపుతుంటే బండి నిజానికి 65 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. ఇంజను లాగుడు తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న పాత జీపు బరువైన ఆ చక్రాన్ని ఆపేందుకు మరింత దూరం తీసుకుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు కమానుకట్టలకో, మడ్‌గార్డుకో ఒరుసుకుంటుంది. అరంగుళం, ముప్పావు అంగుళం తేడా వరకు ఫర్వాలేదు గాని, అంతకు మించితే అందం కోసం భద్రతను అమ్ముకోవడమే.

నాలుగు చక్రాలకు లాగుడు ఉన్న జీపుల్లో మరో జాగ్రత్త అవసరం. ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ డిఫరెన్షియల్ ఉండదు. ముందు కొత్త టైర్లు, వెనుక గుండు టైర్లు ఉంటే చక్రాలు వేర్వేరు లెక్కన తిరిగి గేర్లు బిగుసుకుంటాయి. తారురోడ్డుపై ఫోర్ వీల్ వేస్తే పళ్లు విరిగే ప్రమాదమూ ఉంది. బయాస్, రేడియల్ కలిపి వాడటం ఏ బండికీ తగదు.

రేగడిలో సన్నమా, వెడల్పా?

సన్న టైరు బురదను కోసుకుంటూ దిగుతుంది. కింద గట్టి నేల తగిలితే పట్టు దొరుకుతుంది. లోతైన రేగడిలో మాత్రం బండి చట్రం మీద కూర్చుంటుంది. వెడల్పు టైరు పైపైన తేలుతుంది గాని, జిగట మన్ను దాని గాళ్లలో నిండితే నున్నటి బంతిలా జారుతుంది. గాళ్లు లోతుగా, ఎడంగా ఉండి తిరిగేటప్పుడు మన్నును విదిలించే టైరైతే సన్నదే ఇక్కడి చేలకు నయం.

తారీఖు చూడండి

టైరు పక్కగోడపై అండాకారంలో ఉండే నాలుగంకెలు తయారీ కాలాన్ని తెలుపుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ తిరిగే పాత బండికి టైరు అరగకముందే ఎండకు గట్టిపడి పగుళ్లు వస్తాయి. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా అటువంటిదాన్ని మార్చవలసిందే. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే నిబంధనల ప్రకారం అది రోడ్డుకు పనికిరాదు.

తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షనుపై 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. యాభై ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషనుకు 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. దానికీ బండి అసలు రూపంలోనే ఉండాలి.

కొనేముందు బండి వెంట వచ్చిన పుస్తకంలోని కొలతను కాగితంపై రాసుకుని వెళ్లడం మంచిది. స్టెప్నీని మరువరాదు. నాలుగు చక్రాలకు ఒక కొలత, స్టెప్నీకి మరొకటి ఉంటే, దారిలో పంక్చరైన రోజున ఫోర్ వీల్ వేయకుండా నెమ్మదిగా ఇంటికి చేరడం తప్ప మార్గముండదు.