పాత బ్యాటరీకి ఛార్జింగు పెట్టేటప్పుడు

ఇప్పుడు చాలా ఇళ్లల్లో బ్యాటరీలు ఉన్నాయి. చేతిలో సెల్‌ఫోను ఉంది. మంచం పక్కన ఛార్జింగు టార్చిలైటు ఉంది. పొలం ఉన్న ఇంట్లో మందు కొట్టే బ్యాటరీ పంపు ఉంది. కొందరి ఇళ్లల్లో ఇన్వర్టరు ఉంది. కరెంటు స్కూటర్లు కూడా వచ్చాయి. వీటికి ఛార్జింగు పెట్టే పని చాలా ఇళ్లల్లో ఆడవాళ్లదే. రాత్రి గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, ఫోను, టార్చి ప్లగ్గులో పెట్టి పడుకుంటారు. తెల్లారి లేచి తీస్తారు.

బ్యాటరీ కొత్తగా ఉన్నన్నాళ్లు ఈ పద్ధతి ఎట్లాగో నడిచిపోతుంది. పాతబడ్డాక నడవదు. చీర పాతబడితే చిరుగుతుంది, అంతే. బ్యాటరీ పాతబడితే వేడెక్కుతుంది. ఉబ్బుతుంది. ఒక్కోసారి అంటుకుంటుంది కూడా.

బ్యాటరీ పాతబడటం అంటే ఏమిటి?

ఊరి చెరువు సంగతి అందరికీ తెలిసిందే. చెరువులో ఏటేటా పూడిక చేరుతుంది. పూడిక చేరిన చెరువు చిన్న వానకే నిండుతుంది. నాలుగు రోజుల ఎండకే ఎండుతుంది. నిండిన చెరువులోకి ఇంకా నీళ్లు వస్తే కట్ట మీద బరువు పడుతుంది.

బ్యాటరీ కూడా ఇంతే. ఇన్వర్టరు బ్యాటరీలో, చాలా మందు పంపుల బ్యాటరీల్లో సీసం పలకలు ఉంటాయి. పలకల మధ్య యాసిడ్ ఉంటుంది. వాడగా వాడగా పలకల మీద తెల్లటి గట్టి పొర పేరుకుంటుంది. అదే పూడిక. పొర పేరుకున్న పలక కరెంటును సరిగా నిలవ చేసుకోలేదు. సెల్‌ఫోనులో ఉండేది వేరే రకం. దాన్ని లిథియం బ్యాటరీ అంటారు. అందులోనూ లోపల పొరలు పేరుకుంటాయి. కొన్నిసార్లు గ్యాసు కూడా పుడుతుంది. ఆ గ్యాసు బయటికి పోయే దారి లేదు. అందుకే బ్యాటరీ ఉబ్బుతుంది.

మందు పంపు బ్యాటరీ కొత్తలో నిండటానికి 5, 6 గంటలు పడుతుంది. పాతబడ్డాక గంటకే ఛార్జరు మీద పచ్చ లైటు వెలుగుతుంది. చూసినవాళ్లు, 'భలే, తొందరగా ఎక్కింది' అనుకుంటారు. పొలానికి తీసుకుపోతే రెండు ట్యాంకులు కొట్టేసరికి ఆగిపోతుంది. తొందరగా ఎక్కడం, తొందరగా దిగడం రెండూ పూడిక గుర్తులే. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? ఇంకాసేపు పెడితే ఎక్కుతుందని రాత్రంతా ప్లగ్గులోనే ఉంచుతారు. తప్పు అక్కడే జరుగుతుంది. పట్టని కరెంటు వేడిగా మారుతుంది. లోపలి నీటిని గ్యాసుగా మారుస్తుంది.

ఉబ్బిన బ్యాటరీ

ఒక ఇంట్లో అత్త, కోడలు ఇట్లా మాట్లాడుకున్నారనుకుందాం.

"అత్తయ్యా, ఈ ఫోను వెనక మూత లేచింది. బల్ల మీద పెడితే ఊగుతోంది. దీనికి ఛార్జింగు పెట్టొద్దు."

"ఊగితే ఏమైందే? మాటలు బాగానే వినపడుతున్నాయిగా. మీ మామయ్య మూత నొక్కి రబ్బరు బ్యాండు వేశాడు."

"నొక్కకూడదు అత్తయ్యా. లోపల పొర చిరిగితే నిప్పు పుడుతుంది."

"ఇప్పుడు కొత్త ఫోనుకు డబ్బులెక్కడివి?"

"ఫోను మార్చక్కర్లేదు. లోపల బ్యాటరీ ఒక్కటే మార్పిద్దాం."

ఇందులో కోడలి మాటే సరైనది. అత్త భయం డబ్బు గురించి. అదీ నిజమైన భయమే. కాని చాలా ఫోనుల్లో బ్యాటరీ ఒక్కటే మార్చవచ్చు. మార్చేవాళ్లకు చూపిస్తే ఎంత అవుతుందో చెబుతారు. మందు పంపులోనూ, టార్చిలోనూ అంతే. మొత్తం కొత్తది కొనక్కర్లేదు.

ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు. సూదితో పొడవకూడదు. ఎండలో పెట్టకూడదు. వెంటనే ఛార్జరు తీసేయాలి. ఫోను ఆపేయాలి. ఇంటి బయట నీడలో, గడ్డివాముకు, కట్టెలకు దూరంగా, ఇసుక పోసిన మట్టి చట్టిలో పెట్టాలి. పిల్లలకు అందకుండా చూడాలి. తరువాత రిపేరు షాపుకు చేర్చాలి.

ఎండలో పెట్టే అలవాటు ఎక్కడిదో చాలామందికి తెలుసు. రేడియోలో, టార్చిలో వేసే మామూలు సెల్లులు అయిపోతే ఎండలో పెట్టి మళ్లీ వాడేవాళ్లు. ఆ అలవాటు ఛార్జింగు బ్యాటరీల దగ్గర పనికిరాదు. వేడి తగిలితే ఇవి ఇంకా తొందరగా పాడవుతాయి. మామూలు సెల్లులను ఛార్జరులో పెట్టడం కూడా ప్రమాదమే. అవి ఛార్జింగు చేసుకునేవి కావు. కారతాయి, పగులుతాయి.

ఎక్కడ పెట్టాలి? ఎప్పుడు పెట్టాలి?

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో కరెంటు స్కూటరు బ్యాటరీని ఊడదీసి హాల్లో ఛార్జింగు పెట్టారు. ఇంట్లోవాళ్లు అక్కడే పడుకున్నారు. రాత్రి అది పేలింది. ఒక ముసలాయన కాలిన గాయాలతో చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో మరో ఇంట్లో పడకగదిలో పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలింది. ఇంటి యజమాని చనిపోయాడు. రెండు చోట్లా మనుషులు నిద్రలో ఉన్నారు. విజయవాడలో పేలిన స్కూటరు కొత్తగా కొన్నదే. కొత్త బ్యాటరీకే అట్లా జరిగితే పాతదాన్ని ఎంత కనిపెట్టుకుని ఉండాలి!

అందుకే పాత బ్యాటరీకి పగటిపూట, మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగు పెట్టాలి. వంట చేసుకుంటూనో, బియ్యం ఏరుకుంటూనో ఒక కన్ను దాని మీద వేయవచ్చు. సిమెంటు గచ్చు మీదగాని, బండ మీదగాని పెట్టాలి. పరుపు మీద, దిండు కింద, బట్టల గుట్టలో పెట్టకూడదు. అక్కడ వేడి బయటికి పోదు. పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో, మధ్యాహ్నం పూట రేకుల కప్పు కింద కూడా వద్దు. స్కూటరు బ్యాటరీని గడప దగ్గర అసలే పెట్టకూడదు. అది అంటుకుంటే బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

పెట్టిన అరగంటకు ఒకసారి దగ్గరకు వెళ్లి చూడాలి. చేయి దగ్గర పెడితే గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చేయి ఆననివ్వనంత వేడి ఉంటే స్విచ్చి ఆపేయాలి. ఆ బ్యాటరీకి మళ్లీ ఛార్జింగు పెట్టకూడదు. పొలం నుంచి తెచ్చిన పంపు వేడిగా ఉంటే చల్లారాకే ప్లగ్గు పెట్టాలి. పైన పడ్డ మందును, తడిని ముందుగా తుడవాలి.

అంకెలు చదవండి

బ్యాటరీ మీద అంకెలు ఉంటాయి. ఛార్జరు మీద కూడా ఉంటాయి. బ్యాటరీ 12 వోల్టులది అయితే ఛార్జరు కూడా 12 వోల్టుల బ్యాటరీకి చేసినదే ఉండాలి. అంకె కలిసినా రకం కలవాలి. సీసం బ్యాటరీ ఛార్జరును లిథియం బ్యాటరీకి పెట్టకూడదు. ప్లగ్గు దూరింది కదా అని పెడితే ప్రమాదం. ఇప్పుడు మందు పంపుల్లో రెండు రకాలూ వస్తున్నాయి. కాబట్టి కొన్నప్పుడే ఏ రకమో అడిగి, పంపు మీద రంగుతో రాసి ఉంచుకోవాలి. కొన్న నెల, సంవత్సరం కూడా రాయాలి. చిన్న సీసం బ్యాటరీలు, ఫోను బ్యాటరీలు సాధారణంగా 2, 3 ఏళ్లు బాగా పనిచేస్తాయి. తారీఖు రాసి ఉంటే, 'మొన్నమొన్ననే కొన్నాం' అనే మాటకు తావు ఉండదు.

టార్చి గురించి ఒక మాట. తక్కువ ధరకు వచ్చే ఛార్జింగు టార్చిలు కొన్ని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టేవి. చాలావాటిలో బ్యాటరీ నిండాక కరెంటు ఆపే ఏర్పాటు ఉండదు. రెండు రోజులు వదిలేస్తే రెండు రోజులూ ఎక్కుతూనే ఉంటుంది. డబ్బా మీద ఎన్ని గంటలని రాస్తే అన్ని గంటలకే తీసేయాలి. ఇంకో సంగతి. ప్లగ్గులో ఉండగా దాని మూత విప్పి లోపల చేయి పెడితే గోడ కరెంటే కొడుతుంది. ప్రాణం పోవచ్చు.

ఇన్వర్టరు బ్యాటరీ

ఇది పెద్దది. ఇందులో యాసిడ్, నీళ్లు కలిసి ఉంటాయి. ఛార్జింగు ఎక్కేటప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా గ్యాసు అవుతాయి. ఆ గ్యాసు పేరు హైడ్రోజన్. దానికి రంగు లేదు, వాసన లేదు. చిన్న నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. బ్యాటరీ పాతబడేకొద్దీ ఈ గ్యాసు ఎక్కువ వస్తుంది. కాబట్టి గాలి ఆడే చోటే దీన్ని ఉంచాలి. బీరువాలో, మెట్ల కింద మూసిన గూటిలో పెట్టకూడదు. కొందరు దేవుడి గూటి కింద పెడతారు. పైన దీపం, కింద గ్యాసు! అగరొత్తులు, దీపం, గ్యాసు పొయ్యి, బీడీ ఏవీ దాని దగ్గర ఉండకూడదు.

నీళ్లు తగ్గితే పలకలు బయటపడి పాడవుతాయి. మూతల మీద ఎరుపు, పచ్చ గుర్తులు ఉంటాయి. నెలకోసారి చూడాలి. ఎండాకాలంలో ఇంకా తొందరగా తగ్గుతాయి. డిస్టిల్డ్ వాటర్ అనే శుద్ధమైన నీళ్లు మాత్రమే పోయాలి. బ్యాటరీ షాపుల్లో క్యానులలో అమ్ముతారు. బోరు నీళ్లలో ఉప్పులు ఉంటాయి. తాగే క్యాను నీళ్లు కూడా పనికిరావు. గుర్తు దాటి నిండా పోయకూడదు. ఛార్జింగు ఎక్కేటప్పుడు యాసిడ్ పొంగి నేల మీదికి వస్తుంది.

'కొత్త యాసిడ్ పోయిస్తే పాత బ్యాటరీ కొత్తదవుతుంది' అనే మాట వినపడుతుంటుంది. అది నిజం కాదు. గ్యాసై పోయేది నీరే. యాసిడ్ లోపలే ఉంటుంది. ఇంకా యాసిడ్ పోస్తే ఘాటు ఎక్కువై పలకలను తినేస్తుంది.

నీళ్లు పోసే ముందు ఇన్వర్టరు ఆపాలి. గోడ స్విచ్చి కూడా ఆపాలి. చేతి గాజులు, ఉంగరం తీసేయాలి. మెడలో గొలుసు ఉంటే తీయాలి, లేదంటే జాకెట్టులోకి దోపుకోవాలి. లోహపు గాజు రెండు కొసలకూ ఒకేసారి తగిలితే క్షణంలో ఎర్రగా కాలుతుంది. చేయి చర్మం ఊడివస్తుంది. కొసల దగ్గర తెల్లటి పొడి పేరుకుంటే చేతితో తుడవకూడదు. అందులో యాసిడ్ ఉంటుంది.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే బ్యాటరీ మితిమీరి ఎక్కుతోందని అర్థం. ఇది పాత బ్యాటరీల్లోనే ఎక్కువ. లైటు స్విచ్చులు వేయవద్దు. తలుపులు తీసి పిల్లలతో బయటికి రావాలి. బ్యాటరీకి దూరంగా మెయిన్ స్విచ్చి ఉంటే ఆపాలి. కరెంటు పని తెలిసిన మనిషిని పిలవాలి. ఆ వాసన ఎక్కువసేపు పీల్చితే మనిషికీ చెడుపే.

యాసిడ్ పడితే, నిప్పు అంటుకుంటే

ఒంటి మీద యాసిడ్ పడితే తడిసిన బట్ట తీసేసి, ధారగా నీళ్లు పోయాలి. 15, 20 నిమిషాలు ఆపకుండా పోయాలి. పసుపు, నూనె, పేస్టు రాయవద్దు. కంట్లో పడితే ముందుగా అంతే సేపు నీళ్లతో కడిగి, తరువాత ఆసుపత్రికి పోవాలి.

బ్యాటరీకి నిప్పు అంటుకుంటే ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. చిన్న ఫోను అయితే, కరెంటు ఆపాక దూరం నుంచి ఇసుకగాని, నీళ్లుగాని గుమ్మరించవచ్చు. స్కూటరు బ్యాటరీ అయితే ఆర్పాలని చూడవద్దు. ఆ పొగ విషం. అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి. 112కు చేసినా సాయం వస్తుంది.

పాతదాన్ని ఏం చేయాలి?

పెరట్లో పడేయకూడదు. సీసం మట్టిలోకి, నూతి నీళ్లలోకి దిగుతుంది. చేపల వలలకు గుండ్లు చేసుకోవడానికి కొందరు పాత బ్యాటరీ పగలగొట్టి సీసం కరిగిస్తారు. ఆ పొగ పీల్చిన పిల్లలకు రక్తంలో సీసం చేరుతుంది. మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆ దరిదాపుల్లోకి కూడా పోకూడదు.

పాత సీసం బ్యాటరీకి ధర ఉంది. దాన్ని తూకం వేసి కొంటారు. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది ఇస్తే ధరలో తగ్గిస్తారు. అమ్మే షాపులు పాతవి తిరిగి తీసుకోవాలని 2001లోనే ప్రభుత్వం నిబంధన పెట్టింది. 2022లో వచ్చిన కొత్త నిబంధనలు సెల్‌ఫోను బ్యాటరీలతో సహా అన్ని రకాలకూ వర్తిస్తాయి. వాడేసినవి తిరిగి సేకరించే బాధ్యత తయారు చేసిన కంపెనీలదే. కాబట్టి పాత ఇనుము బండి వస్తే తొందరపడి ఇవ్వకుండా, ముందు బ్యాటరీ షాపులో 'పాతదానికి ఎంత తగ్గిస్తారు?' అని అడగాలి. తగ్గించిన డబ్బు బిల్లు మీద రాయించుకోవాలి.