రూపము వృత్తియైనప్పుడు ఎముకలు చెల్లించు వెల

2025వ సంవత్సరము మే నెలలో 72వ ప్రపంచ సుందరి పోటీలు హైదరాబాదులో జరిగినవి. ప్రారంభోత్సవము గచ్చిబౌలి క్రీడా ప్రాంగణములోను, 31వ తేదీన తుది పోటీ మాదాపూరులోని హైటెక్స్ ప్రదర్శనశాలలోను జరిగెను. నూరుకు పైగా దేశముల నుండి యువతులు వచ్చిరి. కిరీటము థాయిలాండుకు చెందిన ఓపల్ సుచాత చువాంగ్‌శ్రీకి లభించెను. ఆమెకు పదునారవ ఏట రొమ్ములో గడ్డ ఏర్పడగా శస్త్రచికిత్స చేసి తీసివేసిరి. అది కాన్సరు కాదని తేలినది. అప్పటినుండి ఆమె రొమ్ము కాన్సరును గూర్చి స్త్రీలకు తెలియజెప్పు పనిని చేపట్టెను. ఆరోగ్యమును గూర్చి మాటలాడిన యువతికి అందాల కిరీటము దక్కుట సంతోషింపదగిన విషయమే. కాని అట్టి వేదికలను ఎక్కుటకు సిద్ధపడు యువతుల దేహములలో ఏమి జరుగునో ఆ మూడు వారములలో విచారించినవారు తక్కువ.

ఇది వేదికలపై నడచు కొద్దిమందికే సంబంధించిన ప్రశ్న కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు మాదాపూరు చుట్టును బండరాళ్లే. నేడు అక్కడినుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు కంపెనీల భవనములతో పాటు పెద్ద హోటళ్లు, నగల దుకాణములు, వ్యాయామశాలలు వెలసినవి. ఆవల జూబిలీ హిల్స్ ప్రాంతమున సినిమా స్టూడియోలు, టెలివిజన్ కార్యాలయములు, శంషాబాదున విమానాశ్రయము. హోటలు ముంగిట అతిథులను ఆహ్వానించు అమ్మాయి, వార్తలు చదువు అమ్మాయి, విమాన పరిచారిక, నగల ప్రకటనలో కనబడు అమ్మాయి, నటి — వీరందరి కొలువులలో పనితనముతో పాటు రూపము కూడ ఒక అర్హతగా చెల్లుచున్నది. ఇట్టి కొలువులలో చేరువారు చాలవరకు పదునెనిమిది, ఇరువది ఏండ్లవారు. ముప్పది దాటునప్పటికి అవకాశములు సన్నగిల్లుట వారికే తెలియును.

ఎముకల శాస్త్రము తెలిసినవారికి ఇక్కడనే ఒక చిక్కు కనిపించును.

ఎముక రాయి వంటి జడపదార్థము కాదు. దానిలో రెండు రకముల కణములు నిరంతరము పని చేయుచుండును. ఒక రకము పాత ఎముకను కరగించును. రెండవ రకము క్రొత్త ఎముకను కట్టును. బాల్యములోను కౌమారములోను కట్టుబడి ఎక్కువ. ఆడపిల్లలలో ఎముకల ఖనిజ సంపదలో సుమారు నూటికి 90 పాళ్లు 18 ఏండ్లకే చేరును. మిగిలినది ఇరువదులలో నిండును. ముప్పదవ ఏటికి ఖజానా తలుపు మూతపడినట్లే. అటుపిమ్మట ఉన్నదానిని కాపాడుకొనుటయే గాని పెంచుకొనుట అరుదు. ముట్లుడిగిన తరువాత ఏటేట తరుగు మొదలగును. అరువది ఏండ్ల వయస్సున తుంటి విరుగునా లేదా అనునది ఇరువది ఏండ్ల నాటి నిల్వపై చాలవరకు ఆధారపడును. సన్నదనము కొరకు ఆకలిని అణచుకొను సంవత్సరములును, ఎముకలు నిండు సంవత్సరములును ఒక్కటే అగుటయే ఆ చిక్కు.

తిండి తగ్గించినంత మాత్రమున ఎముక ఏల తరుగవలెను? కాల్షియము మాత్రలు వేసికొనిన చాలదా? చాలదు. కారణము చూతము.

రాబడి తగ్గిన సంసారి మొదట పండుగ ఖర్చు మానును, పిమ్మట ఇంటి మరమ్మతులు మానును. పొయ్యి మాత్రము ఆర్పడు. దేహమును అట్లే నడుచుకొనును. గుండె, మెదడు, ఊపిరితిత్తులు పొయ్యి వంటివి. సంతానోత్పత్తికి సంబంధించిన ఏర్పాటు దేహము దృష్టిలో వాయిదా వేయదగినది. ఎముకల నిర్మాణమును అంతే. ఈ వార్తను మోయు దూతలలో ముఖ్యమైనది లెప్టిన్ అను హార్మోను. దీనిని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనెను. క్రొవ్వు కణములు దీనిని తయారుచేయును. తిండి తగ్గి, క్రొవ్వు తగ్గినపుడు లెప్టిన్ తగ్గును. అప్పుడు మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథికి పంపు ఆజ్ఞలు మందగించును, పీయూష గ్రంథి అండాశయములను మేల్కొలుపదు, ఈస్ట్రోజన్ తగ్గును, నెలసరి క్రమము తప్పి, చివరకు నిలిచిపోవును. ఈస్ట్రోజన్ ఎముకను కరగించు కణములకు కళ్లెము వంటిది. కళ్లెము వదలినపుడు అవి విజృంభించును. అదే సమయములో, పోషణ లేనందున ఎముకను కట్టు కణములను ప్రోత్సహించు హార్మోనులు కూడ తగ్గును. ఒక వైపు కూల్చుట హెచ్చి, ఇంకొక వైపు కట్టుట తగ్గినచోట కాల్షియము మాత్ర ఒక్కటే ఏమి చేయగలదు?

ఎంత తగ్గిన ఇది ఆరంభమగును? అమెరికాలో ఆన్ లౌక్స్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞురాలు 2003లో ప్రకటించిన పరిశోధన దీనికి ఒక కొలత ఇచ్చినది. తిన్న ఆహారపు శక్తి నుండి వ్యాయామమునకు ఖర్చయిన శక్తిని తీసివేసి, మిగిలినదానిని క్రొవ్వు మినహా దేహపు బరువుచే భాగించవలెను. కిలోకు 45 కేలరీలు మిగిలినచో దేహమునకు కొరత లేదు. 30కి తగ్గినచో పీయూష గ్రంథి స్రావముల లయ అయిదు దినములలోనే చెడుట ఆమె గమనించినది.

విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేయవచ్చును. ఒక యువతి ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు, అందు క్రొవ్వు 10 కిలోలు అనుకొందము. మిగిలినది 40 కిలోలు. ఆమె దినమునకు 1300 కేలరీల ఆహారము తిని, వ్యాయామశాలలో 300 కేలరీలు ఖర్చు చేసినచో మిగులునది 1000. దానిని 40చే భాగించిన 25. అద్దములో ఆమె చక్కగానే కనబడును. స్నేహితురాండ్రు మెచ్చుకొందురు. నెలసరి రానందుకు ఆమెయే ‘పోనీ, పీడ వదలినది’ అనుకొనవచ్చును. దేహము పంపిన మొదటి నోటీసు అదియే అని మాత్రము ఆమెకు ఎవరును చెప్పరు. మన పాఠ్యపుస్తకములలో ఋతుచక్రపు బొమ్మ ఉన్నది గాని, ఆకలి దానిని ఆపగలదను వాక్యము కానరాదు. గర్భనిరోధక మాత్రలు మ్రింగి నెలసరిని ‘తెప్పించుకొనుట’ కూడ పొరపాటే. రక్తస్రావము కనబడును గాని, ఆకలిచే కలిగిన ఎముకల నష్టమును ఆ మాత్రలు ఆపినట్లు పరిశోధనలలో తేలలేదు.

ఆకలి మనస్సును కూడ విడువదు. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు, వారి అంగీకారముతో, ఆరు మాసములు అర్ధాహారము పెట్టి పరీక్షించెను. వారు బరువులో సుమారు నాలుగవ వంతు కోల్పోయిరి. నాడి మందగించెను, వేసవిలోను చలి వేసెను. అంతకంటె విచిత్రమైనది, వారికి తిండి తప్ప వేరు ఆలోచన లేకపోవుట. కొందరు వంటల పుస్తకములు సేకరించి చదువుకొనసాగిరి. చిరాకు, దిగులు పెరిగినవి. వారెవరును అందము కొరకు మాడలేదు. కనుక, మాడుచున్న అమ్మాయి చిరాకును ఆమె ‘స్వభావము’ అని తీర్పు చెప్పుటకు ముందు ఈ ప్రయోగమును తలచుకొనుట మేలు.

కొరత ఇంకను ముదిరినచో పొయ్యియే ఆరును. 2006 ఆగస్టులో ఉరుగ్వే దేశపు మాడల్ లూయిసెల్ రామోస్, 22 ఏండ్ల యువతి, ప్రదర్శన మధ్యలో వేదిక దిగుచు గుండె ఆగి మరణించెను. అదే సంవత్సరము నవంబరులో బ్రెజిల్ మాడల్ అనా కరోలినా రెస్టన్ 21వ ఏట మరణించెను. అప్పుడామె బరువు సుమారు 40 కిలోలు. ఆకలితో పాటు వాంతులు చేసికొనుట, విరేచన మాత్రలు, మూత్రము హెచ్చించు మాత్రలు వాడుట జరిగినచో దేహమునుండి పొటాసియము పోవును. గుండె కండరములో విద్యుత్ప్రేరణలు సక్రమముగా సాగుటకు పొటాసియము తప్పనిసరి. అది పడిపోయినచో పైకి ఏ లక్షణమును లేకుండగనే గుండె లయ తప్పవచ్చును.

2006 సెప్టెంబరులో మాడ్రిడ్ నగరపు ఫ్యాషన్ ప్రదర్శనలో దేహ ద్రవ్యరాశి సూచిక 18కి తక్కువగా ఉన్నవారిని నిరాకరించిరి. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గముచే భాగించిన వచ్చునది ఆ సూచిక. పై లెక్కలోని మన యువతికి అది 17.7, మాడ్రిడ్‌లో ఆమెను వేదిక ఎక్కనీయరు. ఇజ్రాయెల్ 2012లో 18.5ను హద్దుగా పెట్టి చట్టము చేసెను. ఫ్రాన్సులో 2017 నుండి మాడళ్లు వైద్యుని ధ్రువపత్రము చూపవలెను. నా దృష్టిలో ఫ్రెంచి పద్ధతియే మెరుగు. ఒక్క అంకెకు ఎముకయు తెలియదు, నెలసరియు తెలియదు.

తెలుగువారు మరువలేని ఉదాహరణ ఒకటి కలదు. 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’ చిత్రముతో మనకు పరిచయమైన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో మరణించెను. వయస్సు 31. అంతకు కొన్ని వారముల ముందు ఆమె క్రొవ్వు తీయించుకొను శస్త్రచికిత్స చేయించుకొనెననియు, ఊపిరి అందక బాధపడెననియు పత్రికలు వ్రాసినవి. ఈ చికిత్సలో చర్మము క్రింద ద్రవమును నింపి, సన్నని గొట్టముతో క్రొవ్వును పీల్చివేయుదురు. క్రొవ్వు తుంపరలు గాని, కాళ్ల సిరలలో గడ్డకట్టిన రక్తము గాని ఊపిరితిత్తులకు చేరుట అరుదైనను తెలిసిన ప్రమాదమే. ఇది బరువు తగ్గించు వైద్యము కాదు, ఆకృతిని దిద్దునది మాత్రమే. 2004లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో స్థూలకాయులైన స్త్రీలకు సుమారు పది కిలోల క్రొవ్వు ఈ విధముగా తీసినను, ఇన్సులిన్ పని తీరు మెరుగుపడలేదు.

చర్మపు రంగు మార్చు లేపనముల సంగతి వేరు వ్యాసమునకు తగినది. ఒక్క మాట చెప్పెదను. కొన్నింటిలో పాదరసము కలియును. అది చర్మమునుండి రక్తములో చేరి మూత్రపిండములను చెరచును. 2023లో కేరళలోని మలప్పురములో ఇట్టి రోగులను వైద్యులు గుర్తించిరి. తయారుచేసినవారి పేరు, చిరునామా లేని డబ్బాను కొనరాదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, 55 కిలోల బరువుండి కూర్చుండి పని చేయు స్త్రీకి దినమునకు 1660 కేలరీలు అవసరము. ఇనుము 29 మిల్లీగ్రాములు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణములో నూటికి 57.6, ఆంధ్రప్రదేశములో 58.8. అనగా మన అమ్మాయి ఆకలి వ్రతము పట్టునాటికే ఆమె రక్తములో కొరత ఉండు అవకాశము ఎక్కువ.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినులు ఈ లక్షణములను కనిపెట్టగలరు: మూడు మాసములు వరుసగా నెలసరి రాకపోవుట, ఎండలోను చేతులు చల్లగా ఉండుట, ముఖముపైన చేతులపైన సన్నని నూగు, ప్రార్థనా సమావేశములో కళ్లు తిరుగుట, వాంతి ఆమ్లముచే దంతముల లోపలి వైపు పింగాణి కరగుట, దెబ్బ తగలకయే కాలి ఎముకలో నొప్పి. ‘సన్నబడితివే, బాగున్నావు’ అనుటకు మారుగా ‘మధ్యాహ్నము ఏమి తింటివి?’ అని అడుగవచ్చును. తల్లికి చెప్పి స్త్రీల వైద్యురాలి యొద్దకు పంపవలెను. ఎముకల సాంద్రతను రెండు శక్తుల ఎక్స్ కిరణములతో కొలుచు పరీక్ష పెద్ద ఆస్పత్రులలో కలదు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషముల పని. తిండిని గూర్చిన భయము మనస్సులో పాతుకొనినచో, 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు. తగిన ఆహారము మొదలిడిన కొన్ని మాసములలో చాలమందికి నెలసరి తిరిగి వచ్చును. ఎముక కోలుకొనుటకు సంవత్సరములు పట్టును, తరచుగా పూర్తిగా కోలుకొనదు. అందుచేత ఆ పరీక్షకు ఇరువది రెండవ ఏట వెళ్లుటకును ముప్పది రెండవ ఏట వెళ్లుటకును చాల తేడా ఉన్నది.