పాత కారునకు క్రూయిజు కంట్రోలు అమర్చుట

మన పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులలో పలువురు నేడు సొంత కార్లు గలవారు. కొందరు అద్దె కార్లు నడుపుచు జీవనము గడపుచున్నారు. ఈ బండ్లలో పెక్కు పది, పదునైదు ఏండ్ల నాటివి. సెలవులు వచ్చినంతనే పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని హోసూరు నుండి కృష్ణగిరి మీదుగా సేలమునకో, చెన్నపట్టణమునకో, తిరుపతికో ప్రయాణమగుట పరిపాటి యైనది. గంటల తరబడి యాక్సిలరేటరుపై పాదమును ఒకే తీరున నొక్కియుంచుటచే మడమయు మోకాలును నొచ్చును. అందుచేత “మా పాత కారునకు కూడ క్రూయిజు కంట్రోలు పెట్టించుకొనవచ్చునా?” అను ప్రశ్న తరచుగా వినవచ్చుచున్నది.

పెట్టించుకొనవచ్చును. కాని ఇది పాటలపెట్టెను అమర్చుట వంటి పని కాదు. పాటలపెట్టె తీగ తప్పుగా కలిపినచో పాట వినబడదు, అంతే. ఈ యంత్రపు తీగ తప్పుగా కలిపినచో, బ్రేకు తొక్కినను ఇంజను ముందుకు లాగుచునే యుండవచ్చును. కావున డబ్బు చెల్లించుటకు ముందు తల్లిదండ్రులు తెలిసికొనవలసిన సంగతులను మన భాషలో వివరింప దలచితిమి.

దీని పుట్టుక

వేగమును దానంతటదే నిలుపు యుక్తి కారుకంటె పాతది. 1788లో జేమ్సు వాట్ తన ఆవిరి యంత్రమునకు రెండు ఇనుప గుండ్లుగల గవర్నరును అమర్చెను. మన పల్లెలలో బావుల యొద్ద నీరు తోడిన పాత ఆయిలు ఇంజనులలోను ఇట్టి గవర్నరు ఉండెడిది. ఇంజనుపై బరువు పెరిగి వేగము తగ్గినపుడు గుండ్లు లోపలికి ముడుచుకొని చమురును ఎక్కువగా వదలును. వేగము హెచ్చినపుడు వెలుపలికి విచ్చుకొని చమురును తగ్గించును. మనుష్యుడు దగ్గర లేకున్నను ఇంజను ఒకే లయతో నడచును.

కారునకు ఈ సూత్రమును చక్కగా అన్వయించినవాడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రమునకు చెందిన రాల్ఫ్ టీటర్. ఇతడు 1890లో జన్మించెను. ఐదవ యేట ప్రమాదవశమున చూపు కోల్పోయెను. అయినను ఇంజనీరింగు చదివి, 1936లో ఆ దేశపు మోటారు ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అతని న్యాయవాది కారు నడుపుచు, మాటలాడునపుడు వేగము తగ్గించి, వినునపుడు హెచ్చించుచుండెడివాడనియు, ఆ కుదుపులే టీటరునకు ఈ ఆలోచన కలిగించినవనియు చెప్పుదురు. 1950లో అతనికి పేటెంటు లభించెను. 1958లో క్రైస్లరు కంపెనీ తన కార్లలో దీనిని అమ్మకమునకు తెచ్చెను. స్వయముగా కారు నడుపజాలని అంధుడు కల్పించిన సాధనమును నేడు లోకమంతట వాడుచున్నారని మన పిల్లలకు తప్పక చెప్పవలెను.

ఇందలి ఐదు పనులు

ఏ కంపెనీ తయారు చేసినను ఈ ఏర్పాటులో ఐదు పనులు జరుగవలెను. మొదటిది, బండి యెంత వేగముగా పోవుచున్నదో తెలియుట. రెండవది, నడుపువాని కోరిక తెలియుట. మూడవది, ఆ రెంటిని పోల్చి చూచుట. నాల్గవది, ఇంజనునకు ఆహారము హెచ్చించుట లేక తగ్గించుట. ఐదవది, నడుపువాడు బ్రేకుగాని క్లచ్చిగాని తాకిన తక్షణమే తప్పుకొనుట. మొదటి నాలుగు సౌకర్యము కొరకు. ఐదవది ప్రాణము కొరకు.

వేగమును తెలుపు సెన్సారు సాధారణముగా గేరుపెట్టెకు బిగించి యుండును. అది చక్రముల తిరుగుడును విద్యుత్ స్పందనములుగా మార్చి పంపును. జపాను పద్ధతి ననుసరించిన పెక్కు కార్లలో స్పీడోమీటరు ఇరుసు కిలోమీటరునకు 637 చుట్లు తిరుగును. చుట్టునకు 4 స్పందనముల చొప్పున కిలోమీటరునకు 2,548 స్పందనములు వచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు ఒక కిలోమీటరు నడచును గనుక, సెకనునకు సుమారు 42 స్పందనములు పుట్టును. నడుపువాడు ‘సెట్’ మీట నొక్కినపుడు నియంత్రణ పెట్టె ఈ సంఖ్యను గుర్తుంచుకొనును. ఎగువ దారిలో సంఖ్య తగ్గగానే ఇంజనునకు బలమిచ్చును, పెరిగినచో తగ్గించును. ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతము ఈ లెక్కను చేయగలడు.

పాత కార్లు రెండు తెగలు

తీగల పని ఎంతయో నిర్ణయించునది యాక్సిలరేటరు తీరు. కొన్ని బండ్లలో పాదము నొక్కగా ఉక్కుకేబులు ఇంజను గాలిద్వారమును లాగును. ఇట్టి బండికి చిన్న మోటారుతోగాని, ఇంజను పీల్పు బలముతోగాని పనిచేయు లాగుడు యంత్రమును, దానికి మరియొక కేబులును, ప్రత్యేక నియంత్రణ పెట్టెను కొత్తగా అమర్చవలెను. ఆ రెండవ కేబులు ఏ మాత్రము బిగుతుగా నుండరాదు, ఎచటను చిక్కుకొనరాదు. పాదము తీసినంతనే గాలిద్వారము పూర్తిగా మూసికొనవలెను. ఇంజను ఆపియుంచి దీనిని చేతితో పలుమార్లు పరీక్షింపవచ్చును.

రెండవ తెగ బండ్లలో కేబులు లేదు. పెడలు యెంత నొక్కబడినదో సెన్సారు తెలుపగా, ఇంజను కంప్యూటరే గాలిద్వారమునో డీజిలునో సవరించును. ఇట్టి వానిలో కొన్నింటి కంప్యూటరునకు క్రూయిజు కంట్రోలు విద్య కర్మాగారముననే నేర్పబడియుండును. తక్కువ ధర రకమగుటచే మీటలు మాత్రము పెట్టరు. మొదటి తరపు స్కోడా ఆక్టేవియా, దానికి సోదరమైన నాల్గవ తరపు వోక్స్‌వాగన్ గోల్ఫు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణములు. వీనిలో స్టీరింగు ప్రక్కనున్న ఇండికేటరు కాడను తీసి, క్రూయిజు మీటలు గల కాడను పెట్టి, దాని నుండి ఇంజను కంప్యూటరు వరకు తీగలు లాగుదురు. పిమ్మట పరీక్షా యంత్రము ద్వారా 11463 అను సంఖ్య నిచ్చి ఆ విద్యను మేల్కొల్పుదురు. తీగలెన్ని లాగినను, కంప్యూటరులో ఆ విద్య లేనిచో ప్రయోజనము సున్న. కావున తీగలు కొనుటకు ముందే బండి కంప్యూటరు సంఖ్యను చూపి ఈ సంగతి నిర్ధారించుకొనవలెను.

తీగల కూర్పులో జాగ్రత్తలు

స్టీరింగు చక్రమును విప్పవలసి వచ్చినచో దాని నడుమ ఎయిర్‌బ్యాగు ఉండునని మరువరాదు. బ్యాటరీ నెగటివు తీగను విప్పిన తరువాత కూడ దాని పెట్టెలో కొంతసేపు విద్యుత్తు నిలువయుండును. తయారీదారుల పుస్తకము చెప్పినన్ని నిమిషములు వేచియుండి గాని చేయి పెట్టరాదు. చక్రముతో పాటు తిరుగుచు తెగకుండ నుండుటకై చుట్టగా చుట్టిన పట్టీతీగ యొకటి అచట ఉండును. దీనిని ‘క్లాకు స్ప్రింగు’ అందురు. దాని నడిమి స్థానము తప్పించి బిగించినచో, చక్రమును పూర్తిగా త్రిప్పిన నాడు అది తెగును; ఎయిర్‌బ్యాగు కూడ పనికిరాకుండ పోవును.

సంకేతపు తీగలలో ప్రవహించు విద్యుత్తు స్వల్పమే. కాని అతుకులు బలముగా నుండవలెను. తీగలను చేతితో మెలిపెట్టి టేపు చుట్టుట మోటారు బండికి తగదు. ఇంజను వేడికి జిగురు కరగును. అదరుటచే మెలిక సడలును. తగిన కొలతగల కొసబిళ్ళలను పనిముట్టుతో నొక్కి బిగించి, పైన తొడుగు వేయవలెను. తీగలు పెడలు కదలు చోటునకును, స్టీరింగు కడ్డీకిని దూరముగా పోవలెను. ఎర్తు తీగను రంగు గీకిన శుభ్రమైన ఇనుముపై బిగింపవలెను.

విద్యుత్ సరఫరాను ఇగ్నిషను తాళము త్రిప్పినపుడు మాత్రమే వచ్చు చోట నుండి, తగిన ఫ్యూజు ద్వారా తీసికొనవలెను. ఈ మాట ఎందుకు నొక్కి చెప్పుచున్నామో ఒక ఉదాహరణము వలన తెలియును. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1999 నుండి 2009 వరకు పలు విడతలుగా కోటికి పైగా బండ్లను మరమ్మతు కొరకు వెనుకకు పిలిపించెను. వానిలో క్రూయిజు కంట్రోలును రద్దు చేయు స్విచ్చికి తాళము తీసినను విద్యుత్తు అందుచుండెను. దాని లోపలి పలుచని పొర చీలి బ్రేకు ద్రవము కారగా, ఇంటిముందు నిలిపియుంచిన బండ్లు సైతము అంటుకొనినవి. పెద్ద కంపెనీవారు చేసినదే ఇట్లు పరిణమించినపుడు, వీధి చివర షాపులో చేయించుకొను పనిని మనము ఎంత శ్రద్ధతో చూడవలెనో యోచింపుడు.

బ్రేకు స్విచ్చి

ఈ వ్యాసములో ఒక్క భాగమునే చదువ తీరికయున్నచో దీనిని చదువుడని కోరుచున్నాము. బ్రేకు పెడలు వద్ద నుండు స్విచ్చిలో పెక్కు బండ్లయందు రెండు మార్గములుండును. పెడలు తొక్కినపుడు ఒకటి కలిసి వెనుక ఎఱ్ఱదీపమును వెలిగించును. రెండవది అదే క్షణమున విడిపోయి క్రూయిజు కంట్రోలును రద్దు చేయును. కంప్యూటరు ఈ రెంటిని పోల్చి చూచి, సాక్ష్యములు కలియనిచో పనిచేయుటకు నిరాకరించును. కొందరు పనివారు “రెండవ తీగ దొరకలేదు, దానిని నేరుగా కలిపివేసితిమి” అందురు. అట్లు కలిపినచో ఒక సాక్షి నోరు నొక్కినట్లే.

విడిగా అమ్మబడు కొన్ని యంత్రములు వెనుక దీపపు తీగ ద్వారానే ఎర్తును గుర్తించును. పాత తరపు 21 వాట్ల బల్బు తంతువు ఇందుకు దారి ఇచ్చును. దాని స్థానమున ఎల్‌ఇడి దీపము పెట్టినచో ఆ దారి లభింపక, యంత్రము మొండికేయును. దీపములను మార్చినవారు ఈ సంగతి పనివానికి ముందే చెప్పవలెను. క్లచ్చిగల బండికి క్లచ్చి స్విచ్చియు తప్పనిసరి. అది లేనిచో, క్లచ్చి తొక్కినంతనే వేగము నిలుపబోయి ఇంజను గర్జించును.

పరీక్ష

పని పూర్తియైన పిమ్మట, పిల్లలను ఎక్కించుకొనక, పగటివేళ, ఖాళీగా నున్న తిన్నని దారిపై పరీక్షింపవలెను. 50 కిలోమీటర్ల వేగమున ‘సెట్’ నొక్కి, బ్రేకును మెల్లగా తాకవలెను. ఎఱ్ఱదీపము వెలుగునంత తాకుడు చాలును. వెంటనే రద్దు కావలెను. మరల సెట్ చేసి క్లచ్చితోను, పిమ్మట ‘ఆఫ్’ మీటతోను చూడవలెను. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను ఫ్యూజు తీసివేసి, బండిని షాపునకు మరలింపవలెను. పరీక్షలో ఇంజను వదలకుండ లాగినచో బ్రేకును గట్టిగా తొక్కి, గేరును న్యూట్రలునకు తేవలెను. తాళమును ఒక్క మెట్టు వెనుకకు త్రిప్పినచో ఇంజను ఆగును. పూర్తిగా త్రిప్పి తీసినచో స్టీరింగు బిగిసిపోవును గనుక అట్లు చేయరాదు.

పనివానితో తమిళముననైనను కన్నడముననైనను మాటలాడుడు. కాని ఈ నాలుగు ప్రశ్నలు తప్పక అడుగుడు. సరఫరా ఎచట నుండి తీసితివి? ఫ్యూజు ఎచటనున్నది? బ్రేకు స్విచ్చి రెండు మార్గములను కలిపితివా? ఏ రంగు తీగను దేనికి కలిపితివో కాగితముపై వ్రాసియిచ్చెదవా? నాల్గవదానికి జవాబు చెప్పలేనివానికి బండిని అప్పగింపకుండుట మేలు.

మోటారు వాహనముల చట్టము, 1988, 52వ విభాగము బండి మార్పులకు హద్దులు విధించుచున్నది. కావున పని చేయించుటకు ముందే రవాణా కార్యాలయమువారిని విచారించి, ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలుపుట మంచిది.

వాడకమున హద్దులు

పాత కార్లకు అమర్చు ఈ సాధనము ఇంజనును మాత్రమే అదుపు చేయును; బ్రేకు వేయదు; ఎదుటనున్న లారీని చూడదు. ధర్మపురి, సేలము నడుమనున్న తొప్పూరు కనుమ వంటి పల్లపు దారిలో ఇంజనునకు ఆహారము పూర్తిగా తగ్గించినను, బరువే బండిని క్రిందికి లాగును; నియమించిన వేగమును మించిపోవును. అచట తక్కువ గేరు, పాదము క్రింద బ్రేకు, ఈ రెండే శరణ్యము. వానలో చక్రములు నీటిపై జారునపుడు యంత్రము ఆ తేడాను సరిగా గ్రహింపజాలదు. ఊళ్ళ నడుమ, రద్దీలో, పొగమంచులో దీనిని వాడరాదు. కునుకుపాటు వచ్చుచున్నవానికి ఇది మరింత కీడు చేయును. పాదమునకు పని లేనపుడు నిద్ర తొందరగా ముంచుకొని వచ్చును.

ఈ హద్దులు తెలిసి వాడువానికి ఇది మంచి సేవకుడు. తల్లిదండ్రులు షాపునకు పోవునపుడు ఎనిమిదవ తరగతికి మించిన పిల్లలను వెంట తీసికొనిపోయి, తీగల పటమును చూపింపుడు. బ్యాటరీ, స్విచ్చి, దీపము అని తరగతిగదిలో వారు తెలుగున చదివిన పాఠమే అచట పెడలు క్రింద కనబడును. బ్రేకు తాకగానే యంత్రము ఎందుకు తప్పుకొన్నదో ఆ పిల్లవాడు మీకు వివరింపగలిగిననాడు, మీ పని సరిగా జరిగినదని మీరును, మా పాఠము సరిగా అందినదని మేమును సంతోషింపవచ్చును.